సెమీ-క్లోజ్డ్ రీబ్రీదర్‌తో కేవ్ డైవింగ్: వైజాగ్ డైవర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

రుషికొండ, మంగమారిపేట వైపు స్కూబా నేర్చుకుని, ఆ తర్వాత మెక్సికోలోనో థాయ్‌లాండ్‌లోనో నీటి గుహల్లోకి దిగాలని ఆశపడే వాళ్లు మన ఊళ్లో ఈమధ్య బాగా పెరిగారు. వాళ్లు రీబ్రీదర్ గురించి అడిగే ప్రశ్నలకు తెలుగులో జవాబులు ఒకచోట ఉండాలని ఇది రాస్తున్నాను. చదివి మెషిన్ నడపడం నేర్చుకోలేరు, దానికి గురువు కావాలి. ఎవరి దగ్గరికి వెళ్లాలో, వెళ్లాక ఏం అడగాలో తెలిస్తే చాలు.

సెమీ-క్లోజ్డ్ రీబ్రీదర్ అంటే ఏమిటి? మామూలు స్కూబాకీ దీనికీ తేడా ఏమిటి?

మామూలు స్కూబాలో గాలిని ఒక్కసారి పీల్చి బుడగలుగా వదిలేస్తాం. అందులో శరీరం నిజంగా వాడుకున్న ఆక్సిజన్ చాలా తక్కువ, మిగిలినదంతా నీళ్లపాలు. లోతుకు వెళ్లేకొద్దీ ఈ వృథా పెరుగుతుంది. 30 మీటర్ల దగ్గర ఒక్కో శ్వాసకు ఒడ్డు మీద కంటే నాలుగు రెట్ల గ్యాస్ ఖర్చవుతుంది కానీ, శరీరానికి కావలసిన ఆక్సిజన్ మాత్రం పెరగదు.

రీబ్రీదర్ మనం వదిలిన ఊపిరిని కౌంటర్‌లంగ్ అనే సంచిలోకి పట్టుకుంటుంది. సోడా లైమ్ నింపిన డబ్బా గుండా పంపి కార్బన్ డయాక్సైడ్ తీసేస్తుంది, కొత్త గ్యాస్ కలిపి మళ్లీ మనకే అందిస్తుంది. ఆ డబ్బాను స్క్రబ్బర్ అనీ, ఊపిరి తిరిగే ఈ దారి మొత్తాన్ని లూప్ అనీ అంటారు. పూర్తి క్లోజ్డ్ మెషిన్ తగ్గిన మేరకు స్వచ్ఛమైన ఆక్సిజన్ కలుపుతుంది, ఒకే లోతులో ఉన్నంతసేపు దాదాపు ఏమీ బయటికి వదలదు. సెమీ-క్లోజ్డ్‌లో కలిపేది నైట్రాక్స్ (ఆక్సిజన్ ఎక్కువున్న గాలి) లేదా ట్రైమిక్స్ (ఆక్సిజన్, నైట్రోజన్, హీలియం మిశ్రమం). వాటిలోని నైట్రోజన్, హీలియం లూప్‌లో పేరుకుపోకుండా కొంత గ్యాస్‌ని ఎప్పటికప్పుడు బయటికి వదలాల్సిందే. బుడగలు వస్తాయి, కాకపోతే తక్కువ.

వైజాగ్ దగ్గర కేవ్ డైవింగ్ చేసే చోటు ఉందా? బొర్రా గుహల్లో కుదురుతుందా?

లేదు. ఈ ప్రశ్న అడగని వాళ్లు లేరు కాబట్టి కారణం కూడా చెబుతాను. నీటి గుహలు ఎక్కువగా సున్నపురాయిలో ఏర్పడతాయి, నీళ్లు ఆ రాయిని వేల ఏళ్లు కరిగిస్తే. మన తీరం వెంట, కొండల్లో ఎక్కువగా కనిపించేది ఖోండలైట్ అనే రాయి. అది అలా కరగదు. మంగమారిపేట దగ్గరి రాతి తోరణం అలల కోతకు తయారైనది, దాని వెనక సొరంగాలేమీ లేవు. బొర్రా సున్నపురాతి గుహే. కానీ అది నడిచి తిరిగే గుహ, పర్యాటక శాఖ నిర్వహణలో ఉన్న రక్షిత స్థలం. బెలుం గుహలు ఇంకా పెద్దవి, మూడు కిలోమీటర్లకు పైగా పొడవు. అక్కడ పాతాళగంగ దగ్గర నీళ్లు కనిపించగానే చాలామందికి డైవింగ్ ఆలోచన వస్తుంది. దయచేసి వద్దు. కోర్సులు, గైడ్‌లైన్లు (దారి తప్పకుండా గుహలో కట్టే తాళ్లు), సహాయం అందే ఏర్పాటు ఉన్న కేవ్ డైవింగ్ కేంద్రం మన రాష్ట్రంలో లేదు.

మెక్సికోలో తులుమ్ చుట్టుపక్కల సెనోటేలు (సున్నపురాయి కుంగి ఏర్పడిన నీటి గుంటలు), ఫ్లోరిడా ఊటలు, ఫ్రాన్స్‌లో లోట్ ప్రాంతం ఈ విద్యకు పెద్ద బడులు. మనకు దగ్గరైతే థాయ్‌లాండ్. అక్కడ నఖోన్ సి థమ్మరాట్ రాష్ట్రంలో సాంగ్ హాంగ్ అనే లోతైన మంచినీటి గుంట ఉంది, టెక్నికల్ డైవర్లు వెళుతుంటారు.

మరి వైజాగ్‌లో ఉంటూ నేను చేయగలిగింది ఏమైనా ఉందా?

చాలా ఉంది. నీటిలో అడ్డంగా, కదలకుండా నిలబడగలగడం, బురద లేపకుండా కప్పలా కాళ్లు ఆడించడం, కళ్లు మూసుకుని తాడు పట్టుకుని రావడం, మాస్క్ లేకుండా రెగ్యులేటర్ మార్చుకోవడం. ఇవన్నీ ఈత కొలనులోనూ, సముద్రం ప్రశాంతంగా ఉన్న రోజుల్లో ఆరేడు మీటర్ల లోతులోనూ సాధన చేయొచ్చు. మన సముద్రంలో విజిబిలిటీ తక్కువని అందరూ విసుక్కుంటారు. కేవ్ డైవింగ్ నేర్చుకోవాలనుకునే వాళ్లకు అది మంచిదే, చేయి కనపడనప్పుడు కంగారు పడకపోవడం ఇక్కడే అలవాటవుతుంది.

గుహలో రీబ్రీదర్ వల్ల లాభం ఏమిటి?

మూడు లాభాలు. గ్యాస్ తక్కువ ఖర్చవుతుంది. బుడగలు తగ్గుతాయి కాబట్టి పైకప్పుకు అంటుకున్న మట్టి రాలి నీళ్లు మసకబారడం తగ్గుతుంది. పీల్చే గాలి వెచ్చగా, తేమగా ఉంటుంది కాబట్టి గంటల తరబడి ఉన్నా గొంతు ఎండదు, ఒళ్లు త్వరగా చల్లబడదు.

ఎంత దూరం వెళ్లొచ్చో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. 2007 డిసెంబరులో ఫ్లోరిడాలో జారెడ్ జబ్లాన్‌స్కీ, కేసీ మెకిన్లే టర్నర్ సింక్ దగ్గర దిగి, నీటి అడుగునే దాదాపు 11 కిలోమీటర్లు ప్రయాణించి వకుల్లా స్ప్రింగ్స్‌లో తేలారు. వాళ్లు వాడింది ఆర్‌బీ80 అనే సెమీ-క్లోజ్డ్ మెషిన్. జర్మనీకి చెందిన రైన్‌హార్డ్ బుఖాలీ దాన్ని రూపొందించాడు. అయితే వాళ్ల వెనక పెద్ద బృందం ఉంది, ఏళ్ల తరబడి దారిలో సిలిండర్లు అమర్చుకున్న అనుభవం ఉంది. ఆ సంగతి మర్చిపోయి మెషిన్ పేరు మాత్రమే గుర్తుపెట్టుకుంటే ప్రమాదం.

సెమీ-క్లోజ్డ్‌లో ఎన్ని రకాలు? గుహకు ఏది సరిపోతుంది?

ప్రధానంగా రెండు: యాక్టివ్, పాసివ్. ఈ తేడా అర్థం కాకుండా మెషిన్ ఎంచుకోకూడదు కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

యాక్టివ్ రకంలో ఒక సన్నని రంధ్రం గుండా గ్యాస్ నిరంతరం లూప్‌లోకి వస్తూనే ఉంటుంది. మీరు ఎంత లోతులో ఉన్నా, ఎంత కష్టపడుతున్నా ఆ ప్రవాహం మారదు. పాత డ్రేగర్ డాల్ఫిన్ ఈ రకమే. ఇప్పుడు లెక్క చూద్దాం. నిమిషానికి 10 లీటర్లు, 40 శాతం నైట్రాక్స్ వస్తోందనుకోండి. అంటే 4 లీటర్ల ఆక్సిజన్. నింపాదిగా ఈదేటప్పుడు శరీరం 1 లీటరు వాడుకుంటే, మిగిలిన 9 లీటర్లలో 3 లీటర్ల ఆక్సిజన్, అంటే లూప్‌లో 33 శాతం. ఎదురు ప్రవాహంలో కష్టపడి 2 లీటర్లు వాడుకుంటే 8లో 2, అంటే 25 శాతం. ఇంకా గట్టిగా, 3 లీటర్లు వాడుకుంటే 7లో 1, అంటే 14 శాతం. సిలిండర్ మీద 40 అని రాసి ఉంటుంది, మీరు పీలుస్తున్నది 14 కావచ్చు. 20 మీటర్ల లోతులో పీడనం మూడు రెట్లు కాబట్టి అప్పటికి నిలబడతారు. అదే శాతంతో పైకి వస్తే స్పృహ తప్పే ప్రమాదం ఉంది.

పాసివ్ రకంలో అలా నిరంతర ప్రవాహం ఉండదు. మీరు వదిలే ప్రతి ఊపిరిలో ఒక భాగాన్ని, ఉదాహరణకు పదో వంతుని, మెషిన్ బయటికి తోసేస్తుంది. లూప్‌లో అంతమేర లోటు పడగానే కొత్త గ్యాస్ లోపలికి వస్తుంది. ఆర్‌బీ80 ఈ రకం. కష్టపడితే ఎక్కువ ఊపిరి తీస్తారు, కాబట్టి ఎక్కువ గ్యాస్ వస్తుంది. శ్రమతో ఆక్సిజన్ పెద్దగా ఊగిసలాడదు.

దీనికీ ఒక బలహీనత ఉంది, అది వేరేచోట ఉంది. నిమిషానికి 20 లీటర్లు ఊపిరి తీస్తూ 1 లీటరు ఆక్సిజన్ వాడుకునే మనిషి 32 శాతం నైట్రాక్స్‌తో దిగాడనుకుందాం. లెక్క వేస్తే, లూప్‌లో ఆక్సిజన్ పార్షియల్ ప్రెజర్ (మొత్తం పీడనంలో ఆక్సిజన్ వాటా) సిలిండర్ గ్యాస్‌తో ఆ లోతులో ఉండాల్సినదాని కంటే సుమారు 0.34 బార్ తక్కువగా ఉంటుంది. ఏ లోతులోనైనా దాదాపు ఇంతే తగ్గుదల. 30 మీటర్ల దగ్గర 1.28 ఉండాల్సిన చోట 0.94, ఇబ్బంది లేదు. 10 మీటర్ల దగ్గర 0.64కి బదులు 0.30, పరవాలేదు. నీటి ఉపరితలం దగ్గర ఉండాల్సిందే 0.32, అందులోంచి 0.34 తీసేస్తే ఏమీ మిగలదు. అంటే ఈ మెషిన్‌ని తక్కువ లోతులో అలాగే పీలుస్తూ ఉండిపోతే ఆక్సిజన్ అయిపోతుంది. అందుకే దిగేటప్పుడు, చివర పైకి వచ్చేటప్పుడు ఓపెన్ సర్క్యూట్‌కి (మామూలు స్కూబాలా పీల్చి వదిలేయడానికి) మారడమో, లూప్‌ని కొత్త గ్యాస్‌తో ఫ్లష్ చేయడమో, ఎక్కువ ఆక్సిజన్ ఉన్న మిశ్రమానికి మారడమో తప్పనిసరి.

ఇంకో తేడా ఉంది. నా దృష్టిలో గుహకు ఇదే అన్నిటికన్నా ముఖ్యం. పాసివ్ మెషిన్‌లో గ్యాస్ సరఫరా ఆగిపోతే కొన్ని ఊపిర్లలోనే సంచి ఖాళీ అయి, పీల్చడానికి ఏమీ రాదు. మీకు వెంటనే తెలుస్తుంది. యాక్టివ్ మెషిన్‌లో ఆ సన్నని రంధ్రం మూసుకుపోతే సంచిలో పీల్చడానికి గాలి ఉన్నట్టే ఉంటుంది, ఆక్సిజన్ మాత్రం మెల్లగా కరిగిపోతుంది. ఆక్సిజన్ తగ్గడాన్ని శరీరం పసిగట్టలేదు. ఊపిరాడకపోవడం ఉండదు, భయం ఉండదు, స్పృహ పోతుంది అంతే. మన సముద్రంలో వాడిన మెషిన్ రంధ్రం దగ్గర ఉప్పు పేరుకోవడం మామూలే. అందుకే గుహ కోసమైతే యాక్టివ్ రకాన్ని నేను సిఫారసు చేయను.

ఎలక్ట్రానిక్స్‌తో ఆక్సిజన్ చూసుకుంటూ గ్యాస్ కలిపే సెమీ-క్లోజ్డ్ మెషిన్లు కూడా వచ్చాయి, మారెస్ హొరైజన్ లాంటివి. అది 40 మీటర్ల లోపు వినోద డైవింగ్ కోసం చేసినది. తలపైన రాయి ఉన్నచోటికి తీసుకెళ్లేది కాదు.

ఈ రోజుల్లో అందరూ క్లోజ్డ్ సర్క్యూట్ వాడుతున్నారు కదా, సెమీ-క్లోజ్డ్ ఎందుకు?

నిజమే, కేవ్ డైవర్లలో ఎక్కువమంది క్లోజ్డ్ వైపు వెళ్లారు. తక్కువ గ్యాస్, ప్రతి లోతులోనూ సరైన ఆక్సిజన్, లోతు తక్కువ ఉన్న గుహలోనూ హాయిగా పనిచేయడం దాని బలాలు. తులుమ్ గుహలు చాలావరకు 20 మీటర్ల లోపే ఉంటాయి, అక్కడ పాసివ్ సెమీ-క్లోజ్డ్‌కు పెద్ద ప్రయోజనం ఉండదు. లోతుగా, పొడుగ్గా ఉండే ఫ్లోరిడా గుహల్లో అది మెరుస్తుంది. బ్యాటరీ, సోలనాయిడ్ (కరెంటుతో తెరుచుకునే వాల్వ్) లాంటివి లేకుండా యాంత్రికంగా నడుస్తుంది, కొంచెం నీరు చేరినా తట్టుకుంటుంది. మీరు ఏ గుహలకు వెళ్తారో ముందు తేల్చుకోండి, మెషిన్ ప్రశ్న దానంతట అదే సగం తేలిపోతుంది.

ఆక్సిజన్ సెన్సర్ లేకుండా నడపొచ్చా?

పాసివ్ మెషిన్లను సెన్సర్ లేకుండా లెక్కల మీదే నడిపిన తరం ఉంది. అయినా సెన్సర్ పెట్టుకోండి. కనీసం రెండు, మూడైతే మంచిది, ఒకటి తప్పు చూపిస్తే మిగిలిన రెండు చెబుతాయి. సెన్సర్ ఒక రసాయన బ్యాటరీ లాంటిది, ఏడాది, ఏడాదిన్నరలో అరిగిపోతుంది. వాడకపోయినా అరుగుతుంది. అటకమీద భద్రంగా దాచిన సెన్సర్‌ని కొత్తదనుకోకండి, తయారీ తేదీ చూడండి.

బెయిలౌట్ ఎంత మోసుకెళ్లాలి?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

బెయిలౌట్ అంటే మెషిన్ పనిచేయనప్పుడు మామూలు రెగ్యులేటర్‌తో పీల్చుకుని బయటపడడానికి ఉంచుకునే గ్యాస్. రీబ్రీదర్ గ్యాస్ ఆదా చేస్తుంది, నిజం. అదే మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. పైన చెప్పిన మనిషినే తీసుకోండి. వీపున 12 లీటర్ల జంట సిలిండర్లు, 200 బార్, మొత్తం 4,800 లీటర్లు. సగటు లోతు 20 మీటర్లు. పాసివ్ లూప్ మీద అతనికి నిమిషానికి సుమారు 7 లీటర్లే ఖర్చు. గంట సేపు లోపలికి ఈదినా 420 లీటర్లే పోతాయి, గేజ్ ముల్లు కదిలినట్టే ఉండదు. నిమిషానికి 15 మీటర్ల చొప్పున 900 మీటర్లు లోపలికి వెళ్లిపోయాడు.

అక్కడ స్క్రబ్బర్ పాడైంది. ఇక ఓపెన్ సర్క్యూట్. కంగారులో ఊపిరి రెట్టింపు, నిమిషానికి 40 లీటర్లు. 20 మీటర్ల దగ్గర పీడనం మూడు బార్ కాబట్టి నిమిషానికి 120 లీటర్లు. అతని దగ్గర మిగిలిన 4,380 లీటర్లు 36 నిమిషాలకే సరిపోతాయి. బయటికి రావడానికి గంట పడుతుంది. గేజ్ దాదాపు నిండుగా ఉన్నట్టు చూపిస్తున్నప్పుడే అతను తిరిగి రాలేని చోటికి వెళ్లిపోయాడు.

కాబట్టి ముందు బయటికి వచ్చే దారికి లెక్క వేయండి, అక్కడి నుంచి వెనక్కి నడుస్తూ ఎంత దూరం వెళ్లొచ్చో తేల్చండి. ఒత్తిడిలో ఊపిరి కనీసం రెట్టింపు అని పెట్టుకోండి. సమస్య వచ్చిన చోటే రెండు మూడు నిమిషాలు ఆగిపోతామని కలపండి. డీకంప్రెషన్ (పైకి వస్తూ మధ్యలో ఆగాల్సిన విరామాలు) ఉంటే దాని గ్యాస్ వేరే. ఒక సిలిండర్ రెగ్యులేటర్ మొండికేస్తే రెండోది చాలుతుందా అని మిమ్మల్ని మీరే అడగండి. దారిలో స్టేజ్ సిలిండర్లు దించి వెళ్లే పద్ధతి ఉంటే, వాటిలో ఒకటి అందకపోయినా తర్వాతి దాకా చేరగలిగేలా ఉండాలి.

నా బడ్డీ (తోడు డైవర్) ఓపెన్ సర్క్యూట్‌లో ఉంటే కలిసి వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు, కానీ ప్లాన్ అతని గ్యాస్ మీదే సాగాలి. ఓపెన్ సర్క్యూట్ కేవ్ డైవర్ మూడో వంతు నియమం పాటిస్తాడు: ఒక వంతు లోపలికి, ఒక వంతు బయటికి, ఒక వంతు ఆపదకు. అతని ఆపద వంతు మీకు కూడా పనికొస్తుందనీ, మీ బెయిలౌట్ అతనికి పనికొస్తుందనీ ఇద్దరూ నమ్ముకుంటే అక్కడే లెక్క తప్పుతుంది. ఎవరి బెయిలౌట్ వాళ్లకు పూర్తిగా ఉండాలి. మీ మెషిన్‌లో ఏ వాల్వ్ ఎక్కడుందో, మీ నోటి దగ్గరి లూప్ ఎలా మూయాలో అతను ఒడ్డున చేతితో చేసి చూపించగలగాలి.

సోడా లైమ్ మన హాస్పిటల్స్‌లో దొరుకుతుంది కదా, అది వాడొచ్చా?

మత్తు డాక్టర్లు మెషిన్‌లో వాడే సోడా లైమ్ కూడా అదే రసాయనం, ప్రధానంగా కాల్షియం హైడ్రాక్సైడ్. కానీ గుళికల పరిమాణం వేరు. ఆస్పత్రి రకం గుళికలు పెద్దవి, డైవింగ్‌కు వాడే 797 గ్రేడ్ సోఫ్నోలైమ్ లాంటివి సన్నవి. మీ స్క్రబ్బర్‌ని తయారీదారు ఏ గ్రేడ్‌తో పరీక్షించాడో ఆ గ్రేడే వాడండి. ఆస్పత్రి రకంలో వాడేసరికి రంగు మారుతుంది, కాసేపు పక్కన పెడితే ఆ రంగు మళ్లీ వెనక్కి పోతుంది. రంగు చూసి ఇంకా బాగుందనుకోవడం ప్రాణాంతకం.

నింపేటప్పుడు డబ్బాలో బియ్యం పోసి తట్టినట్టు, కొంచెం పోసి చుట్టూ తట్టి, మళ్లీ పోసి, గుళికలు సర్దుకునేదాకా ఓపిగ్గా చేయాలి. ఎక్కడైనా ఖాళీ మిగిలితే ఊపిరి ఆ సందులోంచే జారిపోతుంది, కార్బన్ డయాక్సైడ్ అలాగే మీ ఊపిరితిత్తుల్లోకి తిరిగొస్తుంది. దీన్ని ఛానెలింగ్ అంటారు. ముఖానికి మాస్క్, కళ్లకు అద్దాలు పెట్టుకుని నింపండి, ఆ పొడి క్షారం.

ఎంతసేపు పనిచేస్తుందనేది తయారీదారు లెక్కే ప్రమాణం. లోతు పెరిగినా, నీళ్లు చల్లగా ఉన్నా, మీరు ఎక్కువ కష్టపడినా ఆ సమయం తగ్గుతుంది. రుషికొండ వెచ్చని నీళ్లలో బాగానే వచ్చిన సమయం ఫ్లోరిడాలో 20, 22 డిగ్రీల నీళ్లలో వస్తుందని లెక్కేసుకోకండి. సగం వాడిన డబ్బాను రేపటి డైవ్‌కి దాచుకునే పొదుపు గుహలో వద్దు.

కార్బన్ డయాక్సైడ్ ఎక్కువవుతోందని ఎలా తెలుస్తుంది?

ఆయాసం, తలనొప్పి, కారణం లేని టెన్షన్, ఇక చాలు బయటికి పోదాం అన్న తొందర. వీటిలో ఏది అనిపించినా ఆలోచించకుండా బెయిలౌట్‌కి మారాలి. ఆలస్యమైతే ఇంకో కష్టం వస్తుంది. ఊపిరి ఎంత వేగంగా ఆడుతుందంటే నోట్లోంచి లూప్ తీసి రెగ్యులేటర్ పెట్టుకునే రెండు క్షణాలు కూడా ఆగలేరు. అందుకే నోటి దగ్గరే ఒక మీట తిప్పితే ఓపెన్ సర్క్యూట్‌కి మారే బెయిలౌట్ వాల్వ్‌కి ఎక్కువ డబ్బు పెట్టినా తప్పులేదంటాను. మారిన తర్వాత కుదుటపడినట్టు అనిపించినా లూప్‌కి తిరిగి వెళ్లకండి.

డైవ్ కంప్యూటర్‌లో ఏ గ్యాస్ పెట్టాలి?

సిలిండర్ మీద రాసిన శాతం మాత్రం పెట్టకండి. పైన లెక్కలో 32 శాతం సిలిండర్‌తో 30 మీటర్ల దగ్గర లూప్‌లో ఉన్నది సుమారు 23.5 శాతం, అంటే దాదాపు మామూలు గాలి. కంప్యూటర్‌కి 32 అని చెబితే అది మీ నైట్రోజన్‌ని తక్కువ లెక్కేస్తుంది, బెండ్స్‌కి (నైట్రోజన్ ఒంట్లో బుడగలు కట్టే జబ్బుకి) దారి తీస్తుంది. సెన్సర్‌కి అనుసంధానమైన కంప్యూటర్ అయితే మంచిది, కాకపోతే లూప్‌లో ఉండగల తక్కువ శాతాన్ని పెట్టండి. గరిష్ఠ లోతుకి మాత్రం తలకిందులు: ఫ్లష్ చేస్తే లూప్‌లోకి సిలిండర్ గ్యాసే వస్తుంది కాబట్టి సిలిండర్ శాతంతోనే ఆక్సిజన్ పార్షియల్ ప్రెజర్ 1.4 బార్ హద్దు లెక్కేయాలి. 32 శాతానికి అది 33 మీటర్లు, 40 శాతానికి 25.

దిగే ముందు ఏమేం చూడాలి?

మీ మెషిన్ చెక్‌లిస్ట్ చేతిలో పట్టుకుని, పైకి చదువుతూ చేయండి. ఎన్నేళ్ల అనుభవం ఉన్నా కంఠస్థం మీద చేయొద్దు. మౌత్‌పీస్ దగ్గరి వాల్వులు ఒకే దిశలో గాలి వదులుతున్నాయా, లూప్‌లో గాలి నింపితే నిలుస్తోందా, పీల్చి ఖాళీ చేస్తే అలాగే ఉంటోందా, సిలిండర్ వాల్వులు తెరిచి ఉన్నాయా, ప్రతి సిలిండర్ గ్యాస్‌ని మీరే ఎనలైజర్‌తో కొలిచారా. యాక్టివ్ రకమైతే ప్రతి డైవ్ ముందూ ప్రవాహాన్ని ఫ్లో మీటర్‌తో కొలవాలి. తర్వాత ఐదు నిమిషాలు ఒడ్డున కూర్చుని లూప్ మీద పీల్చడం మంచి అలవాటే, కొన్ని లోపాలు బయటపడతాయి. పాసివ్ రకమైతే ఒడ్డున ఆక్సిజన్ ఎంత త్వరగా తగ్గుతుందో పైన చూశాం కదా, సెన్సర్ మీద కన్నేసి మధ్యలో ఫ్లష్ చేస్తుండాలి. ఏది ఏమైనా స్క్రబ్బర్ సరిగ్గా ఉందని ఆ ఐదు నిమిషాలు హామీ ఇవ్వవు.

వైజాగ్ ఉక్కపోతలో మెషిన్‌ని ఎలా దాచాలి?

మనం ఊదిన తేమంతా గొట్టాల్లో, సంచిలో ఉండిపోతుంది. మన వాతావరణంలో అది ఆరదు, బూజు పడుతుంది, ఆ బూజునే మళ్లీ ఊపిరిలోకి పీలుస్తారు. డైవ్ రోజే మంచినీళ్లతో కడిగి, తయారీదారు చెప్పిన క్రిమిసంహారకంతో శుభ్రం చేసి, నీడలో ఫ్యాన్ కింద వేలాడదీయండి. సోడా లైమ్ డబ్బా మూత తెరిచి ఉంచితే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌నే పీల్చుకుని చచ్చుపడిపోతుంది, గట్టిగా మూసి పెట్టండి.

గ్యాస్, సిలిండర్ల సంగతి?

మన దేశంలో సిలిండర్ల దిగుమతి, నింపడం 2016 గ్యాస్ సిలిండర్ నియమాల కిందికి వస్తాయి, పెసో (పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) అనుమతి కావాలి. విదేశంలో చౌకగా దొరికిందని సిలిండర్ కొని తెచ్చుకుంటే కస్టమ్స్ దగ్గర ఆగిపోతుంది. మెషిన్ తీసుకెళ్లి సిలిండర్లు అక్కడే అద్దెకు తీసుకోవడం సులువు. 40 శాతం కంటే ఎక్కువ ఆక్సిజన్ తగిలే ప్రతి భాగం ఆక్సిజన్ క్లీన్ (నూనె, గ్రీజు లేకుండా శుభ్రం చేసినది) అయి ఉండాలి. ఆటోనగర్‌లో వెల్డింగ్ ఆక్సిజన్ దొరుకుతుంది కదా, ఇంట్లోనే నైట్రాక్స్ కలుపుకుందాం అనే ఆలోచన పూర్తిగా వదిలేయండి. నూనె మరక మీద అధిక పీడన ఆక్సిజన్ తగిలితే మంట అంటుకుంటుంది.

ఉదయం రుషికొండలో ట్రైనింగ్ డైవ్, మధ్యాహ్నం ఫ్యామిలీతో అరకు. కుదురుతుందా?

వద్దు. అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే పీడనం తగ్గుతుంది, విమానం ఎక్కినట్టే. బొర్రా సుమారు 700 మీటర్ల ఎత్తులో ఉంది, అరకు 900 దాటుతుంది. ఒకే ఒక్క మామూలు డైవ్ అయితే కనీసం 12 గంటలు, వరుస డైవ్‌లైతే 18 గంటలు, డీకంప్రెషన్ చేసి ఉంటే ఒక రోజు పూర్తిగా ఆగండి. బంధువులు వచ్చినప్పుడు ఈ పొరపాటు చాలా తేలిగ్గా జరిగిపోతుంది, అందుకే ప్రోగ్రామ్‌ని తిరగేయండి: అరకు ముందు, సముద్రం తర్వాత.

థాయ్‌లాండ్‌లోని థామ్ లువాంగ్ గుహలో పిల్లల్ని కాపాడింది రీబ్రీదర్లతోనేనా?

కాదు. 2018లో వరద నీటికి గుహలో చిక్కుకున్న ఆ పన్నెండు మంది పిల్లల్ని, కోచ్‌ని బయటికి తెచ్చిన గుహ డైవర్లు ప్రధానంగా మామూలు సిలిండర్లతోనే ఈదారు. ఇరుకు దారి, బురద నీళ్లు, మధ్యమధ్యలో నడవాల్సిన చోట్లు. అలాంటి గుహలో సాదా పరికరమే మెరుగు. అదే ఆపరేషన్‌లో సిలిండర్లు చేరవేస్తూ థాయ్ నేవీ మాజీ డైవర్ సమన్ కునాన్ ప్రాణం కోల్పోయాడు. ఈ విద్యలో ఎంత అనుభవం ఉన్నవారికైనా గ్యాస్ విషయంలో గుహ మినహాయింపు ఇవ్వదు.

ఏ క్రమంలో నేర్చుకోవాలి?

ఓపెన్ వాటర్, అడ్వాన్స్‌డ్, నైట్రాక్స్ తర్వాత ఓపెన్ సర్క్యూట్‌తోనే కేవర్న్ (బయటి వెలుతురు కనిపించే గుహ ముందు భాగం) నుంచి ఫుల్ కేవ్ దాకా వెళ్లండి. రీబ్రీదర్‌ని విడిగా, తలపైన నీళ్లు తప్ప ఏమీ లేని చోట నేర్చుకోండి. బెయిలౌట్‌కి మారడం చేతికి అలవాటయ్యాక రెండింటినీ కలిపే కోర్సుకి వెళ్లండి. రెండు కొత్త విషయాలు ఒకేసారి నేర్చుకోవద్దు. అమెరికన్ డైవర్ షెక్ ఎక్స్‌లీ గుహ ప్రమాదాలను పరిశీలించి చూపించిన కారణాలు ఇప్పటికీ అవే: బయటిదాకా తెగని గైడ్‌లైన్ లేకపోవడం, గ్యాస్ మిగుల్చుకోకపోవడం, మితిమీరిన లోతు. వాటికి తర్వాత శిక్షణ, మూడు లైట్లు చేరాయి. ఎక్స్‌లీ కూడా 1994లో మెక్సికోలోని జకటోన్‌లో అతి లోతైన డైవ్‌లోనే మరణించాడు.

ట్రిప్‌కి ముందే రీకంప్రెషన్ చాంబర్ (బెండ్స్‌కి చికిత్స చేసే పీడన గది) ఎక్కడ పనిచేస్తోందో, ఎవరికి ఫోన్ చేయాలో కాగితం మీద రాసి ఒడ్డున ఉండే మనిషికి ఇవ్వండి. డైవింగ్ ఇన్సూరెన్స్‌లో గుహ, రీబ్రీదర్ రెండూ కవర్ అవుతాయో లేదో పాలసీలో చదివి చూసుకోండి.

పాత మెషిన్ తక్కువకు వస్తోంది. కొనొచ్చా?

తయారీ ఆగిపోయిన మోడల్ అయితే ముందు విడిభాగాలు దొరుకుతాయేమో కనుక్కోండి. మౌత్‌పీస్ వాల్వులు, ఓ-రింగులు, గొట్టాలు రబ్బరు, సిలికాన్‌తో చేసినవి, మన ఎండకు, ఉప్పుగాలికి త్వరగా పెళుసుబారతాయి. యూరప్‌లో అమ్మే మెషిన్‌కి ఈఎన్ 14143 ప్రమాణం ఉంటుంది, అది ఉందో లేదో చూడండి. ఎవరైనా సొంతంగా మార్పులు చేసిన మెషిన్ అయితే వద్దు, ఆ మార్పు స్క్రబ్బర్ సమయాన్ని ఎలా మార్చిందో ఎవరూ కొలిచి ఉండరు. సర్వీస్ రికార్డు, సెన్సర్ల తేదీలు, స్క్రబ్బర్ డబ్బా లోపలి ఫొటోలు అడగండి. అమ్మే మనిషి అవి పంపడానికి తటపటాయిస్తే ఆ బేరం వదిలేయండి.